పుస్తకం మీద సంతకం కోసం ఒక ప్రయాణం: అభిమాన బాలల రచయిత దగ్గరికి పిల్లలను తీసుకువెళ్ళేవారికి

పిల్లలు తమకు ఇష్టమైన పుస్తకం రాసిన మనిషి ఎదుట నిలబడే సమయం ఒకటి రెండు నిమిషాలకు మించదు. ఆ కాస్త సమయం కోసం మనం సెలవు పెట్టి, రైలు టిక్కెట్లు కొని, ఊరు దాటి వెళ్తాం. ఇంత ఏర్పాటు చేసిన పెద్దవాళ్ళమే, తీరా రచయిత తలెత్తి చూసేసరికి, అలవాటు కొద్దీ ముందుకు వెళ్ళి మాట్లాడేస్తాం. మా అమ్మాయిని తొమ్మిదో ఏట ఖమ్మం నుంచి హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు మొదటిసారి తీసుకువెళ్ళినప్పుడు నేను చేసినది అదే. పాప పేరు నేనే చెప్పాను, ఏ తరగతి చదువుతోందో నేనే చెప్పాను, ఏ కథ నచ్చిందో కూడా నేనే చెప్పాను. తిరుగు ప్రయాణంలో తను పుస్తకం తెరిచి ఆ సంతకం వైపు చూస్తూ, "నేనేం మాట్లాడలేదు కదా నాన్నా" అంది. ఆ మాట విన్న తరువాత, ఇలాంటి ప్రయాణంలో ప్రతి ఏర్పాటూ ఆ రెండు నిమిషాలను పిల్లల చేతికి అప్పగించడానికే ఉండాలని నాకు అర్థమైంది. ఆ తరువాత రెండుసార్లు అలాగే వెళ్ళాం. ఆ అనుభవంతో ఈ సూచనలు రాస్తున్నాను.

మొదట రచయిత ఎక్కడ, ఎప్పుడు దొరుకుతారో తెలుసుకోవాలి. తెలుగులో సంతకాల కోసమే ప్రత్యేకంగా కార్యక్రమం పెట్టడం తక్కువ. ఎక్కువగా పుస్తకావిష్కరణ సభ ముగిసిన తరువాతనో, పుస్తక ప్రదర్శనలో ప్రచురణకర్త స్టాలు దగ్గర సాయంత్రం పూట కూర్చున్నప్పుడో రచయితలు పాఠకులను కలుస్తారు. ఈ సమాచారం పోస్టర్ల మీద అన్నిసార్లూ కనిపించదు. అందుకు నమ్మదగిన దారి మీ చేతిలోని పుస్తకంలోనే ఉంది. లోపలి పేజీలలో "ప్రతులకు" అనే మాట కింద ప్రచురణ సంస్థ చిరునామా, ఫోను నంబరు అచ్చు వేసి ఉంటాయి. ఆ నంబరుకు ఫోను చేసి, ఫలానా పుస్తకం మా పిల్లలకు ఎంతో ఇష్టమనీ, రచయిత స్టాలుకు వచ్చే రోజు ఉంటే తెలియజేయమనీ మర్యాదగా అడగండి. తెలుగులో పిల్లల పుస్తకాలు వేసే సంస్థలు చాలావరకు చిన్నవి కాబట్టి, ఫోను ఎత్తేది తరచుగా ఆ పుస్తకాన్ని దగ్గరుండి తయారు చేసిన మనిషే అవుతారు. వారు విసుక్కోకపోగా, దూరం నుంచి పిల్లలు వస్తున్నారని తెలిస్తే రచయితకు ముందే చెప్పి ఉంచుతారు. రచయిత ఇంటి చిరునామా మాత్రం అడగవద్దు, ఎక్కడైనా దొరికినా చెప్పకుండా వెళ్ళి తలుపు తట్టవద్దు.

అందరూ కలిసే పెద్ద సందర్భాలు మనకు రెండు ఉన్నాయి. హైదరాబాదు పుస్తక ప్రదర్శన డిసెంబరు రెండో సగంలో, ఇందిరా పార్కు సమీపంలోని తెలంగాణ కళాభారతి మైదానంలో జరుగుతుంది. పాత అలవాటు కొద్దీ ఆటోవాళ్ళు దాన్ని ఎన్టీఆర్ స్టేడియం అనే అంటారు. విజయవాడ పుస్తక మహోత్సవం కొత్త సంవత్సరం తొలి రోజుల్లో జరుగుతుంది. అది చాలా ఏళ్ళు స్వరాజ్య మైదానంలో జరిగింది, ఆ స్థలంలో అంబేడ్కర్ స్మృతివనం వచ్చాక వేదిక మారుతూ ఉంది కాబట్టి, ఆ ఏడాది ఎక్కడ పెడుతున్నారో చూసుకుని బయలుదేరాలి. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి ఇతర భాషలతో పాటు తెలుగులో కూడా బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. పురస్కారం అందుకున్న రచయితలను ఆ తరువాతి నెలల్లో స్థానిక సాహితీ సంస్థలు, గ్రంథాలయాలు పిలిచి సత్కరిస్తుంటాయి. అలాంటి చిన్న సభలో రచయితతో మాట్లాడే తీరిక ప్రదర్శనలోకన్నా ఎక్కువ దొరుకుతుంది. మీ జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడిగితే ఆ వివరాలు తెలియవచ్చు. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల రోజుల్లో ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

తేదీ తెలిసిన తరువాత బయలుదేరే ముందు రోజు మరొకసారి ఫోను చేసి నిర్ధారించుకోవడం ఎంతో అవసరం. రెండో ప్రయాణంలో నాకు ఈ పాఠం తెలిసివచ్చింది. ఆదివారం వస్తారన్న రచయిత్రి ఆరోగ్యం బాగోలేక శనివారమే వచ్చి వెళ్ళిపోయారు. మేము ఆదివారం మధ్యాహ్నం స్టాలు ముందు నిలబడేసరికి ఖాళీ కుర్చీ కనిపించింది. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. మన బాలల రచయితల్లో చాలామంది పెద్ద వయసువారు, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, వారికి ఒంట్లో బాగోని రోజులుంటాయి. ఒక ఫోను చేసి ఉంటే మేము ఒక రోజు ముందే బయలుదేరేవాళ్ళం.

ఇక ఇంటిలో జరగవలసిన తయారీ. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదేనని నా నమ్మకం. వెళ్ళే ముందు పదిహేను రోజులు, రాత్రి పడుకునేముందు, ఆ రచయిత పుస్తకాన్ని పిల్లలతో కలిసి మళ్ళీ చదవండి. పరీక్షకు చదివించినట్లు కాదు. ఒక రోజు మీరు చదవండి, ఒక రోజు వారిచేత పైకి చదివించండి. చదువుతున్నప్పుడు వారు ఎక్కడ ఆగి నవ్వారో, ఎక్కడ పేజీ వెనక్కి తిప్పి బొమ్మ చూశారో గమనించండి. వారు రచయితతో చెప్పవలసిన మాట అక్కడే ఉంటుంది.

ఇదే సమయంలో పుస్తకం అట్ట మీద ఉన్న పేరు ఒక మనిషిదని పిల్లలకు తెలియాలి. ఇది మనకు తేలికగా కనిపిస్తుంది కానీ, పిల్లలకు అంత తేలిక కాదు. వారి దృష్టిలో కథలు ఉన్నవి ఉన్నట్లే పుట్టుకొస్తాయి. మన తరాల్లోనూ అదే జరిగింది. 1947 జులైలో మొదలైన చందమామను దాదాపు ప్రతి ఇంటిలోనూ చదివారు, కానీ 1952 నుంచి 1980లో తాను కన్నుమూసేవరకు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు అందులో ఎన్నో రచనలు పేరు లేకుండానే చేశారు. చందమామ వాక్యాన్ని ప్రేమించిన లక్షలమంది పిల్లలకు ఆ వాక్యం రాసిన చెయ్యి ఎవరిదో తెలియదు. నా చిన్నప్పుడు నాకూ తెలియదు. మన పిల్లలకు ఇప్పుడు ఆ చేతిని చూసే అవకాశం ఉంది కాబట్టి, రచయిత ఏ ఊరివారు, ఏ పని చేశారు, ఇంకా ఏమేం రాశారు అన్నవి పుస్తకం వెనక అట్ట మీద ఉన్నంతవరకైనా చదివి వినిపించండి. బొమ్మలు వేసినవారి పేరు కూడా చూపించండి. ప్రదర్శనల్లో చిత్రకారులు కూడా స్టాలు దగ్గరికి వస్తుంటారు, వారిని సంతకం అడిగేవారు తక్కువ. బొమ్మ పక్కన ఆ బొమ్మ వేసినవారి సంతకం ఉన్న పుస్తకం రెండింతలు విలువైనదని నేను భావిస్తాను.

పిల్లలచేత ఒక ప్రశ్న సిద్ధం చేయించండి. ఒకటే చాలు. "మీకు కథలు ఎలా తడతాయి?" అన్న ప్రశ్న ప్రతి రచయితా ప్రతి సభలోనూ వినేదే, దానికి వచ్చే జవాబు కూడా అలవాటు పడిన జవాబే అవుతుంది. పుస్తకం లోపలి నుంచి పుట్టిన ప్రశ్న వేరుగా ఉంటుంది. మూడోసారి వెళ్ళినప్పుడు మా పాప, "కథ చివర మేక ఇల్లు చేరింది సరే, దాని మెడలోని గంట ఏమైంది?" అని అడిగింది. ఆ రచయిత కలం పక్కన పెట్టి, కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, ఆ గంట సంగతి తాను నిజంగా మరిచిపోయానని చెప్పారు. తరువాత ఇద్దరూ కలిసి ఆ గంట ఎక్కడ పడిపోయి ఉంటుందో ఆలోచించారు. ప్రశ్నను మీరు సరిదిద్దవద్దు, పెద్దల భాషలోకి మార్చవద్దు. వాక్యం తడబడినా ఫరవాలేదు. మరిచిపోతారని భయం ఉంటే చిన్న కాగితం మీద వారి చేతిరాతతోనే రాసి పెట్టుకోమనండి.

సంతకం చేయించవలసిన పుస్తకాలు రెండుకు మించకుండా చూసుకోండి. ఇంటిలో ఉన్నవన్నీ సంచిలో వేసుకుని వెళ్తే రచయిత చేతికి శ్రమ, వెనక నిలబడినవారికి ఆలస్యం. కొత్త ప్రతి కొనాలన్న నియమం లేదు. మూలలు నలిగి, అన్నం మెతుకు మరక పడి, నడుముకు అతుకు వేసిన పాత ప్రతిని చూస్తే రచయితలకు కలిగే సంతోషం నేను కళ్ళారా చూశాను. అయినా స్టాలులో వారి మరొక పుస్తకం ఒకటైనా కొనడం మంచిది. చిన్న ప్రచురణకర్తలు ఆ పది రోజుల అమ్మకాల మీద చాలా ఆధారపడి ఉంటారు. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకం మీద మాత్రం సంతకం అడగకూడదు.

పిల్లల పేరు ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, సంతకం కావలసిన పేజీలో పెట్టండి. రద్దీలో, మైకు హోరులో పేరు సరిగా వినిపించదు. మన పేర్లలో శ, ష, స ల తేడాలు, ఒత్తులు, దీర్ఘాలు ఎన్నో ఉన్నాయి. తప్పుగా పడిన పేరును కొట్టివేయడం రచయితకూ బాధే, పిల్లలకూ బాధే. సంతకానికి అట్ట లోపలి వైపు కన్నా, పుస్తకం పేరు మళ్ళీ అచ్చయి ఉండే మొదటి పేజీ అనువైనది. అట్ట ఊడిపోయినా ఆ పేజీ పుస్తకంతోనే ఉంటుంది. రంగుల బొమ్మల పుస్తకాలకు వాడే నున్నటి కాగితం మీద జెల్ పెన్ను సిరా వెంటనే ఆరదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. మామూలు బాల్ పెన్ను ఒకటి, సన్నటి మార్కరు ఒకటి ఇంటి దగ్గరే అదే రకం కాగితం మీద రాసి చూసి తీసుకువెళ్ళండి. పేజీల మధ్య పెట్టడానికి ఒక పలచటి తెల్ల కాగితం కూడా ఉంచుకోండి.

ప్రయాణం విషయానికి వస్తే, రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే మొదలవుతుంది. డిసెంబరు చివరి వారంలో క్రిస్మస్ సెలవుల రద్దీ ఉంటుంది కాబట్టి, రచయిత వచ్చే రోజు తెలియకపోయినా ప్రదర్శన తేదీలు ప్రకటించగానే ఒక వారాంతానికి టిక్కెట్లు తీసుకోవడం మంచిది. విజయవాడ, ఖమ్మం, వరంగల్ వైపు నుంచి వచ్చేవారికి ఉదయం బయలుదేరే శాతవాహన ఎక్స్‌ప్రెస్ సౌకర్యంగా ఉంటుంది, మధ్యాహ్నం వేళకు నగరం చేరుస్తుంది. కానీ అదే రోజు సాయంత్రం తిరిగివెళ్ళే ఆ రైలును నమ్ముకోవద్దు. రచయితలు స్టాలుకు వచ్చే వేళకు ఆ రైలు వెళ్ళిపోయి ఉంటుంది. విశాఖపట్నం, రాజమహేంద్రవరం వైపువారికి రాత్రి ప్రయాణించి ఉదయానికి చేర్చే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది. సికింద్రాబాదు స్టేషనులో పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని రైళ్ళను చర్లపల్లికి మార్చారు, అందువల్ల టిక్కెట్టు మీద దిగే స్టేషను పేరు చదువుకోండి. చర్లపల్లిలో దిగితే నగరం మధ్యకు రావడానికి అదనంగా గంటకు పైగా సమయం ఉంచుకోవాలి.

సికింద్రాబాదులో దిగినవారికి మెట్రో సులువు. సికింద్రాబాద్ వెస్ట్ స్టేషనులో ఎం.జి.బి.ఎస్. (మహాత్మా గాంధీ బస్ స్టేషను) వైపు వెళ్ళే రైలు ఎక్కితే గాంధీ ఆసుపత్రి, ముషీరాబాదు దాటిన తరువాత ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్, ఆ తరువాత చిక్కడపల్లి వస్తాయి. ఈ రెండింటిలో ఎక్కడ దిగినా మైదానం ఆటోకు దగ్గరే. తిరిగి వెళ్ళేటప్పుడు ఇదే మార్గంలో చివరివరకు వెళ్తే మహాత్మా గాంధీ బస్ స్టేషను దగ్గరే దిగవచ్చు. మేము ప్రతిసారీ రాత్రి అక్కడే ఖమ్మం బస్సు ఎక్కాం. పదేళ్ళలోపు పిల్లలైతే ఒక రాత్రి బంధువుల ఇంటిలోనో, లాడ్జిలోనో ఉండి మరునాడు బయలుదేరడం మేలని నా సలహా. నిద్రమత్తులో గడిచిన బస్సు ప్రయాణంలో ఆ రోజు గురించి మాట్లాడుకునే వీలుండదు.

మైదానానికి నేరుగా వెళ్ళి వరుసలో నిలబెట్టకండి. ముందు కడుపునిండా భోజనం పెట్టించండి, తరువాత మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకోండి, ఆ తరువాతే స్టాలు నంబరు వెతకండి. జనం నడకకు మైదానంలో దుమ్ము లేస్తుంది, ఆయాసం ఉన్న పిల్లలకు మాస్కు పెట్టండి. డిసెంబరు రాత్రులు హైదరాబాదులో చలిగా ఉంటాయి, స్వెట్టరు మరవవద్దు. ప్రదర్శన మామూలు రోజుల్లో మధ్యాహ్నం తరువాత మొదలవుతుంది, సెలవు రోజుల్లో కాస్త ముందుగా తెరుస్తారు. ఆదివారం సాయంత్రం రద్దీ అన్నిటికన్నా ఎక్కువ. వీలైతే పనిదినం ఎంచుకోండి, ఒక రోజు బడి మానినా ఫరవాలేదన్నది నా అభిప్రాయం.

పుస్తకావిష్కరణ సభకు వెళ్ళేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆహ్వానంలో ఐదు గంటలని ఉంటే సభ ఆరింటికి మొదలుకావచ్చు. వేదిక మీద ఆరుగురు వక్తలు ఉంటే రచయితకు మైకు అందేది చివరనే. పిల్లలను అంతసేపు కదలకుండా కూర్చోబెట్టడం వారికి శిక్ష. సభ మొదలయ్యే ముందు రచయిత ముందు వరుసలో ఒంటరిగా కూర్చుని ఉండే పది నిమిషాలు చాలాసార్లు దొరుకుతాయి. నిర్వాహకులను అడిగి అప్పుడే కలవడం నయం. శాలువాలు కప్పి, ఫొటోలు తీసే హడావిడి మొదలైన తరువాత పిల్లల మాట ఎవరికీ వినిపించదు.

ఇక రచయిత బల్ల దగ్గర. పుస్తకం పిల్లల చేతిలోనే ఉండాలి, సంతకం చేయవలసిన పేజీ తెరిచి ఉండాలి. మీరు ఒక అడుగు వెనక్కి నిలబడండి. "నమస్కారమండీ" అని వారే చెప్పాలి. వృద్ధులైన రచయితను "తాతగారూ" అని పిలవడం కొందరు పిల్లలకు సహజంగా వస్తుంది, రాకపోతే "సార్", "మేడమ్" అన్నా తప్పు లేదు. కాళ్ళకు దండం పెట్టమని అందరి ముందూ మెడ వంచవద్దు, పిల్లలకు మనసైతే వారే పెడతారు. రచయిత ఏదైనా అడిగి, పిల్లలు వెంటనే జవాబు చెప్పకపోతే, ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపవద్దు. పది లెక్కపెట్టేవరకు ఓపిక పట్టండి. బాలల కోసం రాసేవారికి పిల్లల మౌనం కొత్త కాదు, వారు ఎదురుచూడగలరు. అసలు మాటే రాకపోతే, ముందుగా గీసిన బొమ్మో, రాసిన ఉత్తరమో ఇచ్చి రావచ్చు. బహుమతిగా ఇంతకన్నా పెద్దది ఏదీ అవసరం లేదు. బరువైన వస్తువులు, పూలగుచ్ఛాలు వారికి ఇంటికి మోసుకువెళ్ళే ఇబ్బందే తెస్తాయి.

పెద్దవాళ్ళకు ఒక్క విన్నపం. మీ సొంత కవితల ప్రతిని ఆ బల్ల మీద పెట్టవద్దు, ముందుమాట అడగవద్దు, మీ పిల్లలు రాసిన కథను అక్కడికక్కడే చదివి అభిప్రాయం చెప్పమనవద్దు. రచయితలు మొహమాటపడి కాదనలేరు, ఇంటికి వెళ్ళాక ఆ సంచి వారికి భారమవుతుంది. ఫోటో కావాలంటే ముందుగా అనుమతి అడగండి, ఒకటి రెండుతో ఆపండి. సంతకం చేస్తున్న సమయంలో రచయిత చెయ్యి, ఆ చేతిని చూస్తున్న పిల్లల ముఖం ఒకే చట్రంలో పడేలా పక్క నుంచి తీసిన ఫోటో, కెమెరా వైపు తిప్పి నవ్వించిన ఫోటోకన్నా ఎంతో బాగుంటుంది. వేల మంది వచ్చే ప్రసిద్ధ రచయితల కార్యక్రమాల్లో టోకెన్లు ఇస్తారు, ఒక్కరికి ఒక్క పుస్తకమే అంటారు, పేరు రాయకుండా సంతకం మాత్రమే చేస్తారు. ఆ సంగతి ముందే పిల్లలకు చెప్పి ఉంచితే అక్కడ చిన్నబోరు.

సంతకం అయిన వెంటనే పుస్తకం మూయకండి. సిరా ఆరేవరకు పేజీ తెరిచి పట్టుకుని పక్కకు రండి, తరువాత తెల్ల కాగితం మధ్యలో పెట్టి మూయండి. రచయిత తేదీ వేయకపోతే, ఇంటికి వచ్చిన తరువాత చివరి పేజీలో తేదీ, ఊరు, ఎవరెవరు కలిసి వెళ్ళారో పెన్సిలుతో పిల్లలచేతే రాయించండి. వారం లోపల ఒక పోస్టుకార్డు రాయించి ప్రచురణకర్త చిరునామాకు పంపండి, వారు రచయితకు చేరవేస్తారు. కార్డు మీద మీ చిరునామా పిన్ కోడ్‌తో సహా స్పష్టంగా ఉండాలి. మా పాప కార్డుకు నలభై రోజుల తరువాత జవాబు వచ్చింది. మేక మెడలోని గంట వాగు దాటేటప్పుడు జారి నీళ్ళలో పడిందనీ, ఇప్పుడు దాన్ని ఒక చేపపిల్ల మోగిస్తోందనీ అందులో రాసి ఉంది. ఆ కార్డు ఇప్పుడు ఆ పుస్తకంలోనే, ఆ కథ ముగిసే పేజీలో ఉంది.